నీళ్ళ ట్యాంకు మీద గాజు ముక్క

"తప్పు!" అంది నిచ్చెన కింద నుంచి ఓ ఆడగొంతు.

డాబా మీది నీళ్ళ ట్యాంకు గోడకి ముక్కు ఆనించి పగులు చూస్తున్న ఇంజనీరు జారబోయి తమాయించుకున్నాడు. ఆఫీసులో అతన్ని అందరూ 'దశాంశం' అంటారు. టీలో చక్కెర కూడా పాయింట్లలో చెప్పే మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని తప్పనడమంటే మాటలా?

"ఏది తప్పండీ?"

"మీరిప్పుడు నాన్నకి చెప్పిన లెక్క. ట్యాంకు నిండితే ఈ పగులు పాయింట్ ఒకటి ఏడు మిల్లీమీటర్లు కాదు, పాయింట్ రెండు నాలుగు. పాయింట్ రెండు దాటకూడదని మీకు తెలుసుగా?"

"మీరు ఏ కోడ్ వాడారు?"

"మీది కానిది." కోడ్ అంటే కాంక్రీటు లెక్కల నిబంధనల పుస్తకం, దేశానికొకటి ఉంటుంది.

ఆమె ఆ ఇంటి యజమాని అయిన లెక్కల మాస్టారి కూతురు. తనూ కాంక్రీటు డిజైన్ ఇంజనీరే, వేరే ఆఫీసులో. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, అందుకే ఆయన బయటి నుంచి ఇతన్ని పిలిపించారు. ఇప్పుడాయన చిరాగ్గా చూస్తున్నారు.

"ఒకే గోడ, ఒకే పగులు, రెండు జవాబులా? నా క్లాసులో అయితే ఇద్దర్నీ బెంచీ ఎక్కించేవాణ్ణి."

"అది కాదు మాస్టారూ. మనం చూసే చోటుకి లోపలి ఇనుప కమ్మీ ఎంత దూరంలో ఉందో పట్టి నా కోడ్ లెక్క కడుతుంది. వీళ్ళది పగులుకీ పగులుకీ మధ్య దూరం పట్టి..."

"వీళ్ళది కాదు, నాది," అని ఆమె నవ్వింది.

ఆ నవ్వుకి దశాంశం మిగతా వాక్యం మర్చిపోయాడు. ఆమె నచ్చేసింది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, పగులు మీద అడ్డంగా ఓ గాజు ముక్క సిమెంటుతో అతికించాడు.

"పగులు పెరిగితే గాజు విరుగుతుంది. వచ్చే ఆదివారం వచ్చి చూస్తాను. ఈలోగా మూడో కోడ్‌తో కూడా లెక్క వేస్తాను."

ఆదివారం వచ్చింది. మూడో కోడ్ ఘనమూలం తీయమంది. మాస్టారికి పండగే! కాలిక్యులేటర్ పక్కన పెట్టించి, చేత్తో తీసి చూపించారు. జవాబు సరిగ్గా పాయింట్ రెండు. గీత మీదున్నది లోపలిదా, బయటిదా అని ఇంజనీర్లిద్దరూ డాబా ఎక్కి కొట్లాడుకుంటుంటే వాన వచ్చింది. ఆమె అతని చేతిలోని కాగితం తీసుకుని అతని తల మీదే పట్టింది.

"అది నా లెక్కండీ! తడిసిపోతోంది."

"తడవనీండి. ఎలాగూ తప్పేగా."

ఆ పూట దశాంశం తేలుతూ ఇంటికెళ్ళాడు. గాజు మాత్రం చెక్కుచెదరలేదు. పగులు కాస్త పెరిగితే బాగుండునని కోరుకున్న ఇంజనీరు లోకంలో అతనొక్కడే అయ్యుంటాడు. చేతిలో మిగిలింది ఒకే ఒక్క కోడ్. అదీ అయిపోతే ఆ ఇంటికి రావడానికి సాకు ఉండదు.

మరుసటి ఆదివారం రానే వచ్చింది.

"ఈ కోడ్ అసలు పగులు వెడల్పే అడగదండీ," అన్నాడు నీరసంగా. "కమ్మీలు దగ్గరదగ్గరగా ఉంటే చాలంటుంది. మీ గోడలో ఉన్నాయి. ఢోకా లేదు."

"అంతేనా?" అందామె.

"అంతేనండీ."

"ఇంకేం చెప్పేది లేదా?"

దశాంశం ట్యాంకు వైపు తిరిగాడు. "ట్యాంకు మూత... సరిగ్గా పెట్టుకోండి."

ఆమె విసవిసా మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారి ఫోన్. "బాబూ, గాజు విరిగింది! పరిగెత్తుకు రా!"

చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని వచ్చిపడ్డాడు. వస్తూనే ట్యాంకు ఖాళీ చేసే వాల్వు తిప్పేశాడు. నీళ్ళు మెట్ల మీదుగా పారి మాస్టారి చెప్పుల్ని వీధిలోకి మోసుకుపోయాయి. ఆమె కూడా హడావిడిగా పైకొచ్చింది. అతను పగులు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇదేంటి? పగులు మధ్యలో ఉంటే గాజు మూల విరిగింది. ఎవరో సుత్తితో కొట్టారు. కొట్టినవాళ్ళకి ఇంజనీరింగ్ ఓనమాలు కూడా రావు."

"నన్ను చూడకండి," అందామె. "నేనైతే సరిగ్గా పగులు వెంబడే విరగ్గొట్టేదాన్ని."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. మాస్టారు సుత్తిని వీపు వెనక దాచి మబ్బుల్ని చూస్తున్నారు.

"నాన్నా!"

"ఏం చెయ్యను మరి? కోడ్లన్నీ అయిపోయాయి. వీడేమో మూత పెట్టుకోండని వెళ్ళిపోయాడు. నువ్వేమో నిన్నటి నుంచీ నా మీద కస్సుబుస్సులు. మొహం చూసి ఎవడికి జవాబు తెలుసో చెప్పగలను నేను. తెలిసీ చెయ్యెత్తని మొద్దుల్ని చూస్తే నాకు ఒళ్ళుమంట!"

దశాంశం మెల్లగా చెయ్యెత్తాడు. తడిసిన చొక్కా, తప్పు బొత్తాలు, చేతిలో పగులు కొలిచే అట్టముక్క. చూస్తే, ఆమె చెయ్యి కూడా పైనే ఉంది.

"ఆగండి. కాపీ కొట్టకూడదు," అన్నారు మాస్టారు. "ఇద్దరూ ఒకేసారి చెప్పాలి. ఊఁ!"

"ఇష్టం," అన్నారిద్దరూ.

మాస్టారు సుత్తి కింద పెట్టి నిట్టూర్చారు.

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి మీ ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. ఇక ఆ వాల్వు కట్టెయ్యి అల్లుడూ, నేను స్నానం చెయ్యాలి."