ముప్పై ఎనిమిదో గోరీ

"ఏం హవల్దారు సారూ, ఉగ్గాని చల్లారిపోతాంది. ఆ గీతలు తింటే కడుపు నిండుతాదా?" వంటింట్లోంచే అరిచింది జమ్రూద్.

దస్తగిరి నవ్వుతూ కాగితాలు పక్కకు జరిపి పళ్ళెం అందుకున్నాడు. ఇరవై రెండేళ్ళు మిలిటరీలో ఫిరంగి గుండు ఎక్కడ పడాలో కొలిచి చెప్పిన మనిషి. రిటైరై పెనుకొండకు వచ్చాక, బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం ససేమిరా వద్దన్నాడు. హిందూపురంలో మ్యాపులు గీసే ఆఫీసులో చేరాడు. రెండేళ్ళుగా టేపు పట్టుకుని ఊళ్ళ వెంట తిరుగుడే తిరుగుడు. ఇప్పుడు సొంత ఊళ్ళోనే పని తగిలింది. ఖబరస్తాన్‌కు గోడ కట్టబోతున్నారు. ఎవరి గోరీ కూడా దాని కింద పడిపోకుండా ఒక్కోదాన్నీ కొలిచి, నంబరేసి, పేరు రాసి మ్యాపు ఇమ్మన్నారు పెద్దలు.

"నిన్నటికి ముప్పై ఆరయినాయి. ఈ పొద్దు మా నాయన వరస," అన్నాడు దస్తగిరి.

జమ్రూద్ చేతిలో గరిటె ఆగిపోయింది. తమలపాకుకు సున్నం రాస్తున్న ఆమె అత్త లాలుబీ తలెత్తి కొడుకు వైపు చూసింది.

"ఆ వరస ఇంకెవురితోనన్నా కొలిపించరాదా నాయనా?"

"నాయన గోరీ కొడుకు కొలిస్తే తప్పేందిమా?" అంటూ టేపు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గోరీలు తవ్వే హుసేనప్పకు డెబ్బై దాటాయి. రాయి లేని దిబ్బలు ఎవరెవరివో ఆయనకే తెలుసు. టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస దస్తగిరి పట్టుకున్నాడు. తండ్రి గోరీ కొలత అయింది. దాన్ని ఆనుకునే మూరెడు దిబ్బ, చుట్టూ నాలుగు గుండ్రాళ్ళు కనిపించాయి.

"ఇదెవురిది మామా? పసిబిడ్డదా?"

హుసేనప్ప ఎగాదిగా చూశాడు. "ఏమప్పా, ఎగతాళా? నీ బిడ్డదే గదా!"

"నాకు ఒక్కతే కూతురు మామా. హిందూపురం హాస్టల్లో చదువుకుంటాంది."

"తొంభై ఒకటిలో మీ అమ్మ ధర్మవరం నుంచి బస్సులో తెచ్చి, గేటు కాడ నా చేతికిచ్చె. నేనే తవ్వితి. ఆడబిడ్డ. తొమ్మిది దినాలు బతికిందంట." ముసలాయన ఒక అడుగు ముందుకొచ్చాడు. "నీకు... తెలీదా?"

టేపు దస్తగిరి చేతిలోంచి జారిపోయింది. నెలలు నిండకుండానే కడుపు పోయిందని గదా ఉత్తరం రాశారు! పదిహేనేళ్ళుగా అదే నమ్ముతున్నాడే!

గంట తిరక్కుండా ఇంటి వాకిట్లో ఉన్నాడు.

"తొమ్మిది దినాలు బతికిన బిడ్డను నాకు చెప్పకుండా పూడ్చినారా?"

జమ్రూద్ గోడకు ఆనుకుని కూలబడింది. లాలుబీ అడ్డం వచ్చింది.

"దాన్నేమీ అనొద్దురా. పాపం నాది. నువ్వు మంచుకొండల మీద ఉండావు. బిడ్డ పుట్టి పోయిందన్న జాబు చూసి ఆడ నీకేమన్నా అయితే? నేనే అబద్ధం రాయించినా. ఇది ధర్మవరంలో వాళ్ళమ్మింట్లో బాలింతగా పడుండాది. బిడ్డను కొంగులో చుట్టుకోని బస్సెక్కినా. 'నిద్రపోతాందా అవ్వా?' అని కండక్టరు అడిగితే, అవునబ్బా అన్నా. తాత పక్కనన్నా ఉంటాదని తెచ్చినా." ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది.

దస్తగిరి భార్య మీదికి తిరిగాడు. "సెలవుకొచ్చినప్పుడన్నా చెప్పలేదే! నువ్వన్నా చెప్పలేదే జమ్రూద్!"

ఆమె తలెత్తింది. "చెప్పాలనే నోరు తెరిస్తి. నువ్వేమంటివి? 'ముఖం కూడా చూడనిదానికి ఏడుపెందుకు, మర్చిపో' అంటివి. నేను చూసినా ముఖం! తొమ్మిది దినాలు పాలిచ్చినా! ఆ మాటతో నా నోరు మూతబడిపాయ."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది దస్తగిరికి. నిజమే, ఆ మాట అన్నాడు. ఓదార్పనుకునే అన్నాడు. వాకిట్లోనే కూర్చుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"నువ్వు ఈ పొద్దన్నా దాని గోరీ చూస్తివి," అంది జమ్రూద్ మెల్లగా. "నేను అది కూడా చూల్లేదు. మనింట్లో ఆడోళ్ళు ఖబరస్తాన్ లోపలికి పోరు. రోడ్డు మీద నించి ఎన్నిసార్లు తొంగి చూసినానో! ఏ దిబ్బో నాకేం తెలుసు?"

అతనికి ఏడుపు ఆగిపోయింది. ఊరూరికీ దారులు గీసి ఇచ్చాడు తను. ఇంట్లో ఉన్న ఈ తల్లికి బిడ్డ ఎక్కడుందో తెలియదు.

"పేరు పెట్టినారా?"

"గుల్నార్. మనసులోనే పెట్టుకున్యా. ఎవురికీ చెప్పలేదు."

దస్తగిరి మ్యాపు తెచ్చి ఆమె ముందు పరిచాడు. ముప్పై ఎనిమిది అని వేసి, 'గుల్నార్, దస్తగిరి, జమ్రూద్‌ల బిడ్డ' అని రాశాడు. ఆమె వేలు పట్టుకుని కాగితం మీద నడిపించాడు.

"ఇది రోడ్డు. ఇది గేటు. లోపలికి ఇరవై అడుగులేస్తే వేపచెట్టు. ఎడమ పక్క నాయన. ఆయన్ని ఆనుకోని... ఈడ."

జమ్రూద్ వేలు ఆ చుక్క మీద ఆగింది. "తాత పక్కనే ఉండావా తల్లీ," అంది. తర్వాత అరచెయ్యి పెట్టి, చంటిబిడ్డను జోకొట్టినట్టు ఆ కాగితాన్ని మెల్లగా తట్టింది.