సన్నీ తూకం

"టాపర్ ఎక్కువైందంటూ మా సన్నీ ఆపరేషన్ ఆపేశారండి," అని ఫోన్లో మీనాకుమారి వాపోతే, దేవిశ్రీ పుస్తకంలో 'ర్యాంకు గొడవ, కుర్రాడికి ఒంట్లో బాగాలేదు' అని రాసుకుంది. నిడదవోలు డిటెక్టివ్ పల్లంరాజు దగ్గర సహాయకురాలిగా చేరి ఆరేళ్ళయినా ఆమె చెవులకింకా ట్రైనింగ్ పూర్తికాలేదు. సన్నీ అంటే లాబ్రడార్ కుక్క అనీ, టాపర్ అంటే అది తినే ప్యాకెట్ గింజల మీద వేసే పెరుగూ గుమ్మడికాయ ముక్కలూ అనీ పాలకొల్లులో మీనాకుమారి ఇల్లు చేరాకగానీ తెలియలేదు.

పేరులో ఉన్న సన్నం ఒంట్లో లేదు. డాక్టరు తూచినప్పుడు నలభై రెండు కిలోలు. మోకాలి లిగమెంటు తెగింది. ముప్పై ఆరుకు దిగితేనే మత్తిస్తానని డాక్టరు చెప్పి రెండు నెలలైంది. ఇప్పుడు నలభై మూడు. ఇలాగే పెరిగితే రెండో కాలూ దక్కదన్నాడట.

మీనాకుమారి భర్త గున్నేశ్వరరావుది పప్పుల దుకాణం. ఆయన అనుమానమంతా పక్కింటి సంపూర్ణమ్మ మీదే. గోడ మీంచి కేకు విసురుతోందని ఆయన ఫిర్యాదు.

"నాకు షుగరండి," అంది సంపూర్ణమ్మ. "మా ఇంట్లో కేకు క్రిస్మస్‌కి కూడా ఫొటోలోనే కనిపిస్తుంది."

పల్లంరాజు గోడ చూశాడు. నాచు చెక్కుచెదరలేదు, కింద ఒక్క చీమ లేదు. గింజలు తూచేదెవరని అడిగాడు.

"నేనేనండి," అన్నాడు గున్నేశ్వరరావు. "పూటకి నూట యాభై గ్రాములు. గ్రాము తేడా వస్తే పేరు మార్చుకుంటాను."

"మరి టాపరో?"

"అది తూకంలోకి రాదు కదండీ," అంది మీనాకుమారి.

పల్లంరాజు ఇంకేమీ అడగకుండా దుకాణంలో అరకిలో కందిపప్పు కొనమని దేవిశ్రీని పంపాడు. గున్నేశ్వరరావు సరిగ్గా తూచి, సంచిలో పోసి, ఎటో చూస్తూ ఇంకో గుప్పెడు వేశాడు. గురువుగారికి ఇంట్లో పప్పు నిండుకుందని మాత్రమే దేవిశ్రీ అనుకుంది.

సాయంత్రం సన్నీ భోజనం వేళకి పల్లంరాజు అందరినీ వంటింట్లో కూర్చోబెట్టి, రోజూలాగే పెట్టమన్నాడు. కాటా మీద నూట యాభై పడింది. గింజలు గిన్నెలోకి వెళ్ళాయి. వెనకే గున్నేశ్వరరావు చెయ్యి దానంతటదే గింజల ప్యాకెట్లోకి వెళ్ళి ఇంకో గుప్పెడు తెచ్చింది. మీనాకుమారి గరిటెడు టాపర్ వేసింది. పల్లంరాజు ఆ తిండినంతా కాటా మీదకు ఒంపాడు. రెండువందల తొంభై.

"ఇక్కడెవరూ అబద్ధమాడలేదు," అన్నాడు పల్లంరాజు. "అయ్యగారు తూచినది నిజం. కానీ దుకాణంలో తూకం వేరు, కొసరు వేరు. కొసరు ఎవరూ లెక్కెయ్యరు, వేసిన సంగతీ గుర్తుండదు. గింజల్లో అయ్యగారి కొసరు, దానిపైన అమ్మగారి కొసరు. సన్నీ పొట్టలోకెళ్ళాక మాత్రం అంతా అసలే."

గున్నేశ్వరరావు తన కుడిచేతిని వేరేవాళ్ళ చెయ్యిలా చూసుకున్నాడు. తర్వాత సంపూర్ణమ్మకు నమస్కారం పెట్టి, తప్పు తనదేనన్నాడు. ఆమె ముఖం తిప్పుకున్నా నవ్వు దాచుకోలేకపోయింది.

టాపర్ పూర్తిగా మానక్కర్లేదనీ, గరిటె బదులు చెంచాడు వేసి, అందుకు తగ్గట్టు గింజలు తీసేస్తే చాలనీ పల్లంరాజు చెప్పాడు.

"తియ్యడమా అండీ? నలభై ఏళ్ళలో తూచిన సరుకులోంచి గింజ వెనక్కి తీసిన చెయ్యి కాదండి ఇది."

"దాని కాలు కావాలా, మీ అలవాటు కావాలా?" అంది మీనాకుమారి.

గున్నేశ్వరరావు మళ్ళీ నూట యాభై తూచాడు. చెంచాడు టాపర్ వేయించాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, చిటికెడు గింజలు గిన్నెలోంచి వెనక్కి తీశాడు. సన్నీ గిన్నెనూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది, తూకంలో మోసపోయిన కొనుగోలుదారులా. గున్నేశ్వరరావు దాని వంక చూడలేక, ఆ చిటికెడూ ప్యాకెట్లో వేసి మూతి గట్టిగా కట్టేశాడు.