కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళు

శుక్రవారం పొద్దున వేదవతి నేతిలో రవ్వ వేయిస్తుంటే, దోహా నగరం నజ్మా పేటలోని ఆ రెండు గదుల ఫ్లాటంతా కమ్మటి వాసనతో నిండిపోయింది. సెలవు కదా అని కొడుకు భరణి ఇంకా సోఫాలోనే ఉన్నాడు. కోడలు శ్రీలేఖ అరటిపళ్ళు కడుగుతోంది. కడిగినవే మళ్ళీ కడుగుతున్నానని ఆమెకే తెలియలేదు.

సాయంత్రం సత్యనారాయణ వ్రతం. కొడుకు ప్రాణం దక్కినందుకు వేదవతి చేయిస్తున్న వ్రతం.

భరణి అల్ రువైస్ దగ్గర గోదాముల సైటులో ఇంజనీరు. డ్రైవర్ జహాంగీర్ రోజూ కార్మికుల క్యాంపులో ఫోర్‌మన్ సురేందర్‌ను ఎక్కించుకుని, దారిలో భరణి కోసం ఆగుతాడు. ముందు సీటు భరణిది, వెనక సీటు సురేందర్‌ది. పోయిన వారం భరణి గడప దాటబోతుంటే వంటింట్లోంచి తుమ్ము వినపడింది. "ఆగు నాన్నా! కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళు" అని వేదవతి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కూర్చున్నవాడి ముందు శ్రీలేఖ వేడి పెసరట్టు పెట్టింది. కింద హారన్ మోగింది. "మీరు పదండి, నా కారులో వెనకే వస్తా" అని అతను ఫోన్లో చెప్పాడు. హైవే మీద ట్రెయిలర్ టైరు పేలి, జహాంగీర్ బండి అదుపు తప్పి దానికి గుద్దుకుంది. జహాంగీర్‌కు చిన్న దెబ్బలతో పోయింది. ముందు సీట్లో కూర్చున్న సురేందర్ కుడికాలు రెండు చోట్ల విరిగింది.

"అమ్మా, ఈ వ్రతం ఇప్పుడు వద్దు" అన్నాడు భరణి ఉన్నట్టుండి.

వేదవతి గరిటె ఆపలేదు. "ఆ వేళకి లేఖ చేత దేవుడే తుమ్మించాడురా. లేకపోతే ఈపాటికి నేనేమైపోయేదాన్ని?"

"ముక్కులో దుమ్ము పడితే తుమ్ము వస్తుంది. దోహాలో దుమ్ముకు కొదవా? అది అలా కలిసొచ్చిందంతే."

"నీ ప్రాణం కలిసొచ్చిందా? తొమ్మిది నెలలు మోసిన దాన్ని నేను, నాకు చెబుతున్నావా!"

భరణి లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "సరే, నన్ను ఆపింది దేవుడే అనుకుందాం. మరి నా సీట్లో సురేందర్‌ను కూర్చోబెట్టిందెవరు? అతన్ని కన్నది మాత్రం తల్లి కాదా అమ్మా? రోజూ సాయంత్రం ఆస్పత్రికి వెళ్తున్నాను. ఆ కట్టు చూస్తూ, నేను బతికినందుకు ఇంట్లో పూజ చేసుకుంటున్నామని ఎలా చెప్పను?"

వేదవతి చేతిలో గరిటె ఆగింది. కొంగుతో కళ్ళు అద్దుకుంది.

శ్రీలేఖ స్టవ్ కట్టేసింది.

"నాకు తుమ్ము రాలేదు అత్తయ్యా."

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఉత్తుత్తినే తుమ్మాను. ఈయన రోజూ ఖాళీ కడుపుతో పోయి, కడుపుమంటకు మాత్రలు మింగుతున్నారు. నేను తినమంటే వినరు. తుమ్మితే మీరెలాగూ కూర్చోబెడతారు, ఆ కాసేపట్లో ఒక అట్టు తినిపించొచ్చనుకున్నాను. దేవుడూ కాదు, దుమ్మూ కాదు. ఆ అబ్బాయి కాలు విరిగింది నా వల్లే. నేను పీట మీద ఎలా కూర్చోను?"

"అంటే, నా నమ్మకాన్ని ఆటబొమ్మ చేశావన్నమాట" అంది వేదవతి. "వయసైపోయిన దాన్ని కదా, ఏం చేసినా నమ్ముతుందిలే అనుకున్నావు."

శ్రీలేఖ తల దించుకుంది. తర్వాత వేదవతి మళ్ళీ స్టవ్ వెలిగించి, పాలు పోసి, చక్కెర వేసి ప్రసాదం దించింది. దాన్ని దేవుడి ముందు పెట్టలేదు. స్టీలు డబ్బాలోకి ఎత్తి మూత బిగించింది.

"కారు తియ్యరా భరణీ. ముందు ఆ పిల్లాడు తినాలి."

ఆస్పత్రిలో సురేందర్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. వేదవతిని చూసి లేవబోయి, కట్టు గుర్తొచ్చి ఆగాడు. శ్రీలేఖ మంచం పక్కన నిలబడి, తడబడుతూ, అంతా చెప్పేసింది.

సురేందర్ నవ్వలేదు. డబ్బా మూత వైపు చూస్తూ అన్నాడు.

"కోపం రాలేదంటే అబద్ధమైతదమ్మా. మొదటి రాత్రి సార్ మీద మస్తు కోపమొచ్చింది. ఈయన టైముకు దిగివస్తే నేను ఎనకనే ఉందును గద అనుకున్న. అటెన్క సోంచాయిస్తే, జహాంగీర్ భాయి కొంచెం ఆగుదామన్నడు. యల్లా యల్లా అని తొందరవెట్టింది నేనే. ముందు సీట్ల ఏసీ మంచిగ తగుల్తది. ఎన్ని రోజులసంది నా మనసు దాని మీదనే!"

భరణి జారిన దుప్పటిని కట్టు మీదికి లాగాడు.

"నా పెండ్లాం రాణి ఊర్లెకెల్లి ఫోన్ చేసి ఒకటే ఏడ్పు. ప్రాణం పోయేది కాలుతోని పోయింది, ఎల్లమ్మ తల్లి కాపాడిందని బోనం మొక్కింది. గల్ఫుల గూడ ఎల్లమ్మ ఉన్నదానే అంటే తిడ్తది." అతను భరణి వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నోళ్ళు, చెప్పుండ్రి సార్. గామెది తప్పా?"

పొద్దున తల్లితో అన్న మాటలన్నీ భరణికి గుర్తొచ్చాయి. "తప్పు కాదు" అన్నాడు మెల్లగా. వేదవతి కొడుకు వైపు చూసింది. ప్రసాదం చెంచాతో తీసి సురేందర్ చేతిలో పెట్టింది. అతను కళ్ళకద్దుకుని తిన్నాడు.

కాసేపటికి, "వస్తాం బాబూ" అని ముగ్గురూ లేచారు. తలుపు దాకా వెళ్ళారో లేదో, వెనక నుంచి గట్టిగా తుమ్ము.

శ్రీలేఖ గిరుక్కున తిరిగింది. దొంగ తుమ్ము ఎలా ఉంటుందో ఆ గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. సురేందర్ ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

"కూసోండ్రి," అన్నాడు. "నీళ్ళు తాగి పోండ్రి. పగటిపూట ఎవ్వలు రారు నాకాడికి."

అందరికంటే ముందు వేదవతి వెనక్కి వచ్చి కూర్చుంది. తుమ్ముల్ని నమ్మని భరణి కూడా కుర్చీ లాక్కున్నాడు. శ్రీలేఖ సీసాలోంచి నీళ్ళు వంచుతుంటే సగం టేబుల్ మీద పోయాయి. వేదవతి ఆ గ్లాసు అందుకుని, తను తాగకుండా, కోడలికే ఇచ్చింది.

"తాగవే," అంది. "పొద్దుట్నించీ నువ్వూ ఏమీ తినలేదు."