కుట్టుమిషన్‌కు కూత పెట్టినవాడు

నైరోబీ నుంచి మై మహియు వైపు దిగే కొండరోడ్డు పక్కన ఎర్ర కారు తలకిందులుగా పడి ఉంది. స్టీరింగ్ వెనక మురీతి అనే కుర్రాడు. ప్రాణం లేదు.

లారీని ఓవర్‌టేక్ చేయబోయాడు. సగం దాటేసరికి కారు నీరసపడింది. ఎదురుగా ప్యాసింజర్లతో మటాటూ వ్యాన్ వచ్చింది. తప్పించబోయి గట్టును గుద్దాడు. వ్యాన్‌లో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఇన్‌స్పెక్టర్ నెకేసా శవాన్ని చూసింది. తర్వాత కారును చూసింది. బానెట్ మీద గాలి పీల్చే బొరియ. డిక్కీ మీద బల్లంత రెక్క. సైలెన్సర్ గొట్టంలో పిల్లి కాపురం పెట్టొచ్చు. ఆవిడకు ఒళ్ళు మండింది. నైరోబీ కుర్రకారుకు పట్టిన ఈ టర్బో పిచ్చి వల్ల ఆవిడ ఎన్ని శవాలు మోయించిందో ఆవిడకే తెలుసు.

మర్నాడు మురీతి అన్న గచాంజా స్టేషన్‌కు వచ్చాడు.

"ఇది యాక్సిడెంట్ కాదు ఇన్‌స్పెక్టర్ అఫాండే. హత్య."

"ఎవరు చేశారు?"

"ఫుండి ఒడోంగో, ఆ మెకానిక్. మా తమ్ముడి కారు వాడే రిపేరు చేశాడు. ఇంజిన్ కెలికి పంపాడు."

"అంత పగ దేనికి?"

"కార్ల మీట్‌లో మా వాడు వాడి పరువు తీశాడు. నువ్వు బిగించింది టర్బో కాదురా, కుట్టుమిషన్ అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు."

వాహనాల ఎగ్జామినర్ కారును ఒకసారి తడిమి రిపోర్టు రాసిచ్చాడు. ఇంజిన్‌లో ఒక గొట్టం పీకి, దాని చోట రబ్బరు మూత బిగించారు. కావాలని చేసిన పనే. కారులో చేయి పెట్టింది మెకానిక్ ఒక్కడే కాబట్టి చేసింది మెకానిక్కే. అక్కడితో ఆయన బుర్ర రిటైరైంది.

ఒడోంగోను లాకప్‌లో వేశారు. హత్యానేరం రుజువైతే ఇక బతుకంతా జైల్లోనే.

నెకేసా అతణ్ణి ఎదురుగా కూర్చోబెట్టింది.

"గొట్టం ఎందుకు పీకావు?"

"పెట్టినవాణ్ణి నేనే అఫాండే. నేనెందుకు పీకుతాను?"

"నీ షెడ్ నుంచి వెళ్ళేటప్పుడు కారు దగ్గిందా?"

"లేదు. నేనే కొండెక్కించి దింపాను. ఎక్కడా ఆగలేదు."

"మరి ఎవరు పీకారు?"

"అది తెలిస్తే నాకీ లాకప్ ఎందుకు?"

తర్వాత లారీ డ్రైవర్ వంతు వచ్చింది.

"నీ పక్కకు వచ్చాక ఏమైంది?"

"గేర్ మార్చాడు మేడమ్. బుస్సుమని పెద్ద కూత వచ్చింది. వెంటనే దగ్గడం మొదలెట్టింది. వెనక నల్లటి పొగ."

"కూత సంగతి రిపోర్టులో లేదే?" అని నెకేసా ఎగ్జామినర్‌ను అడిగింది.

ఆయన నవ్వాడు. "ఆ కార్లన్నీ అలాగే కూస్తాయి మేడమ్. అదేం విశేషం?"

నెకేసా స్పార్క్ ప్లగ్గులు విప్పించింది. నాలుగూ పొయ్యిలో కాలిన కట్టెల్లా నల్లగా ఉన్నాయి. రిపోర్టులోని ఒక్క ముక్క కూడా గచాంజా చెవిన పడకూడదని ఎగ్జామినర్‌కు గట్టిగా చెప్పింది.

రెండు రోజుల తర్వాత అందరినీ స్టేషన్ పెరట్లో, నుజ్జయిన కారు దగ్గరికి పిలిపించింది. హంతకుణ్ణి చూపిస్తానని గచాంజా తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆమె దూరంగా వరండా బెంచీ మీద కూర్చుంది.

"గేర్ మారిస్తే మీ తమ్ముడి కారు కూసేదా?" అని నెకేసా గచాంజాను అడిగింది.

"కూసేదా ఏంటి అఫాండే? వీధంతా వినపడేది."

"షెడ్ నుంచి వచ్చిన రోజు?"

"అప్పుడు మూగది. అందుకేగా మా వాడు కుట్టుమిషన్ అన్నది. తలెత్తుకోలేకపోయాం."

"మూగదానికి గొంతు ఎలా వచ్చింది?"

గచాంజా ఛాతీ విరిచాడు. "నేనే తెప్పించాను. వీడియోలో చూశాను. చిన్న గొట్టం పీకేసి మూత బిగిస్తే చాలు. దానికి ఈ ఫుండి గొప్ప ఏముంది?"

ఎగ్జామినర్ తల దించుకున్నాడు. ఒడోంగో కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

"చూశావా, వీడియో చూసి ఇంజనీరైపోయావు," అంది నెకేసా. "ఇప్పుడు నేను చెప్పేది కూడా విను. ఆ ఇంజిన్‌లో గాలిని కొలిచే సెన్సర్ ఉంది. ఎంత గాలి లోపలికి పోతే అంతకు సరిపడా పెట్రోలు పోయిస్తుంది. గేర్ మార్చేటప్పుడు టర్బోలో మిగిలిన గాలి ఆ గొట్టంలోంచి తిరిగి లోపలికే పోవాలి. నీకు కూత కావాలి. అందుకని ఆ గాలిని బయటికి వదిలేశావు. సెన్సర్‌కు ఆ సంగతేం తెలుసు? లేని గాలికి కూడా పెట్రోలు పోయించింది. ప్లగ్గులు నల్లగా మాడాయి, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై దగ్గింది. లారీ పక్కన, వ్యాన్ ఎదురుగా ఉండగా దగ్గింది."

"మా ఫ్రెండ్స్ అందరూ ఇలాగే తిరుగుతారు అఫాండే..."

"తిరుగుతారు. అందరి కార్లూ దగ్గుతాయి. కూత మోజులో ఒక్క వెధవా పట్టించుకోడు."

గచాంజా కారు తలుపు పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. నెకేసాకు అంత అసహ్యంలోనూ జాలి పుట్టింది. ఆ జాలి మీద ఇంకా చిరాకు పుట్టింది.

"ఒడోంగో, నువ్వు వెళ్ళు," అంది.

ఒడోంగో రెండడుగులు వేసేలోగా వరండాలోంచి తల్లి వచ్చి దారికి అడ్డం నిలబడింది. అతణ్ణి ఎగాదిగా చూసింది.

"గచాంజా, వీడేనా నా బిడ్డను చంపింది?"

"కాదమ్మా."

"మరి చూపిస్తానని తెచ్చావు కదరా. ఎవరు?"

 నెకేసా ఆ జవాబును అతనికే వదిలేసింది.

"నేనమ్మా," అన్నాడు గచాంజా.