గురువారం నాలుగింటికి

మూడుసార్లు పిలిచినా మౌని తల తిప్పలేదు. నాలుగోసారి పిడుగు పిలవలేదు. చేతిలో ఉన్న డ్రమ్ము కర్రను అతని కాళ్ల దగ్గరికి విసిరింది. అప్పుడు చూశాడు, ఏమీ ఎరగనట్టు.

“పిలిచావా?”

“లేదు, కర్రకి కాళ్లొచ్చాయి.”

ఇదివరకైతే నవ్వేవాడు. ఇప్పుడు తీగలు సవరించుకుంటూ అటు తిరిగిపోయాడు.

వాళ్ల బ్యాండులో ఉన్నది ఇద్దరే. అతను గిటారు, ఆమె డ్రమ్ములు. ఆమె తండ్రి కార్ల మెకానిక్. సాయంత్రం పని కట్టేశాక ఆయన షెడ్డులోనే వీళ్ల సాధన. మాట తక్కువ కాబట్టి అతన్ని మౌని అన్నదీ, ఏది ముట్టుకున్నా దద్దరిల్లుతుంది కాబట్టి కూతుర్ని పిడుగు అన్నదీ ఆయనే. వాళ్ల ‘తుప్పు’ పాట కూడా అక్కడే, తలుపులు ఊడదీసిన ఓ కారు సీటు మీద పుట్టింది. బిగుసుకుపోయిన గేటును ఎవరో భుజంతో తోస్తున్నట్టు మొదట గిటారు ఒక్కటే కిర్రుమంటుంది. గేటు తెరుచుకోగానే డ్రమ్ములు విరుచుకుపడతాయి. రేడియోలో వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్లినా జనం అడిగేది ఆ ఒక్క పాటే.

ఓ పెద్ద బ్యాండు కూడా అడిగింది, తమలో చేరమని. మౌని ఒక్కడే వస్తే చాలన్నారట. పోనని చెప్పేశానన్నాడు. పిడుగు నమ్మింది, గురువారాలు మొదలయ్యేదాకా.

రెండు నెలలుగా గురువారం మధ్యాహ్నం అతను దొరకడు. ఎక్కడికెళ్లావంటే పనుందంటాడు. ఏం పనంటే చిన్న పనంటాడు. ఓసారి అతని ఫోను మోగితే పిడుగు ఎత్తింది. ఓ ఆడగొంతు, గురువారం నాలుగింటికి మర్చిపోవద్దని చెప్పండంటూ తీయగా పలికి పెట్టేసింది. ఆ తీపికి పిడుగు ఒళ్లు మండింది.

పైగా ఆ చూపులొకటి. పాట నడుస్తున్నంతసేపూ అతను ఆమె మీంచి కళ్లు తిప్పడు. మనసు ఇంకెక్కడో ఉన్నవాడు ఇలా చూస్తాడా? లేక వదిలిపోయే ముందు జాలి పడుతున్నాడా?

ఆ గురువారం తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో తలనొప్పని చెప్పి, అతని వీధి మొగలో కాపు కాసి, అతను ఎక్కిన బస్సే వెనక తలుపు నుంచి ఎక్కింది. అతను ఓ మూడంతస్తుల భవనం ముందు దిగి లోపలికి వెళ్లాడు. పై అంతస్తుకి రికార్డింగ్ స్టూడియో బోర్డు. అనుకున్నంతా అయింది. గబగబా పైదాకా ఎక్కింది. స్టూడియోలో గిటారు వాయించేవాళ్లెవరూ రాలేదన్నారు. అయోమయంగా దిగుతుంటే, దాని కింది అంతస్తులో అద్దాల తలుపు వెనక అతను కనిపించాడు.

చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఓ బటన్. అవతల తెల్లకోటు వేసుకున్నావిడ మెషీను మీద మీట నొక్కుతోంది. శబ్దం వినిపించినప్పుడల్లా అతను బటన్ నొక్కాలి. కొన్నిసార్లు నొక్కాడు. తర్వాత ఆవిడ నొక్కింది, అతను నొక్కలేదు. ఆవిడ మళ్లీ నొక్కింది. మరోసారి. అతను కళ్లు మూసుకుని, బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, అప్పటికే వచ్చి వెళ్లిపోయిన శబ్దం కోసం ఓపిగ్గా కాచుకుని ఉన్నాడు.

పిడుగు మెట్ల మీద కూలబడింది.

బయటికొచ్చి ఆమెను చూసిన మౌని అబద్ధం వెతుక్కోలేదు. ఎడమ చెవి సగం పోయిందనీ, కుడిది బాగానే ఉందనీ, శబ్దం తగ్గించి చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుంటే ఉన్నది నిలబడుతుందని డాక్టరమ్మ అంటోందనీ చెప్పాడు.

“ఆ పెద్ద బ్యాండులో చేరుతున్నావనుకున్నా,” అంది పిడుగు.

“అలా అనుకున్నా నయమే. ఇది తెలిస్తే నువ్వు బ్యాండు ఆపేస్తావు.”

“మరి ఇన్నాళ్లూ తాళం తప్పకుండా ఎలా వాయించావు?”

“నీ కుడి భుజం చూసి. అది లేచిందంటే దెబ్బ పడబోతోందని లెక్క.”

ఆమె ముఖం చిన్నబోయింది. ఆ చూపులకు అర్థం ఇదన్నమాట. లేచి రెండు మెట్లు దిగింది.

“పాట అయిపోయాక కూడా చూస్తాను,” అన్నాడతను వెనకనుంచి. “అప్పుడు లెక్కేం ఉండదు.”

పిడుగు వెనక్కి తిరగలేదు. తిరిగితే నవ్వు కనబడిపోతుంది. “ఆ మాట ముందే చెప్పడానికేం?”

“మాటలన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా. నువ్వే మొదలుపెడతావనుకున్నా.”

ఆ రాత్రి పిడుగు సంగతంతా తండ్రికి చెప్పింది. పలకరించినా పలక్కుండా పోయే ఆ అబ్బాయిది పొగరని ఇన్నాళ్లూ ఆయన అనుమానం. ఇంజను రొద విని రోగం చెప్పేవాణ్ణి, ఇది పట్టుకోలేకపోయానే అని నొచ్చుకున్నాడు. మర్నాడు పాత సీట్ల స్పాంజి ఊడదీసి షెడ్డు గోడలన్నిటికీ అతికించాడు.

ఆదివారం సాయంత్రం ఓ కాలేజీ హాల్లో ‘తుప్పు’ను సగం శబ్దంతోనే వాయించారు. మొదట ముందు వరసలు గొణిగాయి. కాసేపటికి హాలంతా కూనిరాగం లేచింది. ఆ గిటారు వరసను జనం తమతోపాటు పాడుతుంటారని వాళ్లిద్దరికీ అప్పుడే తెలిసింది.

పాట అయ్యాక మెకానిక్ వేదిక వెనక్కి వచ్చి మౌని భుజం తట్టి ఏదో చెప్పి వెళ్లిపోయాడు. మౌని ప్లగ్గులు తీసి చేతిలో పట్టుకుని పిడుగు దగ్గరికి వచ్చాడు.

“నేను సరిగ్గా విన్నానో లేదో,” అన్నాడు నెమ్మదిగా. “మాట్లాడాలి, రేపు మీ అమ్మగారిని ఇంటికి తీసుకురా అన్నారు.”

పిడుగు కర్రలు సంచిలో సర్దుతూ తలెత్తింది.

“సరిగ్గానే విన్నావు,” అంది.