గోడలో ఇరుక్కున్న పోస్ట్‌మాన్ టోపీ

"పాత ఆటలో ఉన్న తప్పు నా దాంట్లో లేదని ఫిర్యాదు రాశారా?"

ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. ఎదురు బిల్డింగ్ నుంచి వానలో వచ్చింది. గొడుగు ముడవడం మర్చిపోయేంత కోపంలో ఉంది. ఆ నీళ్ళన్నీ నా కీబోర్డ్ మీద పడుతున్నాయి.

"అవునండీ," అన్నాను. "పాత కన్సోల్‌లో పోస్ట్‌మాన్ మూడో వీధి గోడలో ఇరుక్కుంటే టోపీ బయటే ఉండిపోతుంది. మీ కొత్తదాంట్లో టోపీ కూడా లోపలికి పోతోంది."

"అది బాగుపడటం కాదా?"

"బాగుపడటం వేరు, పాతలాగే నడవడం వేరండీ. చిన్నప్పుడు మా అక్క తన పోస్ట్‌మాన్‌ని గోడలో ఇరికిస్తే, నా పోస్ట్‌మాన్ ఆ టోపీ మీదెక్కి కుక్కల్ని తప్పించుకునేవాడు. ఆ టోపీ లేకపోతే మూడో వీధి దాటేవాడే లేడు."

ఆమె నా బల్ల మీది పాత, కొత్త కన్సోల్స్ టీవీలు రెండింటి వంకా చూసింది, తర్వాత నా వంక చూసింది.

"మిమ్మల్ని కన్నతల్లికి దండం పెట్టాలి, చాదస్తంగారూ!"

మర్నాటికల్లా టోపీ గోడ బయటికొచ్చింది. నా గుండె మాత్రం లోపలే ఇరుక్కుపోయింది.

మా కంపెనీ కొత్త వీడియో గేమ్ కన్సోల్ తయారుచేస్తోంది. పాత కన్సోల్ ఆటలు కూడా అందులో నడవాలి. వాటిని నడిపించే ప్రోగ్రాం రాసేది ఆమే. అందుకే ఆఫీసంతా ఆమెని పాతమ్మ అంటారు. ఒకే ఆటని రెండు కన్సోల్స్‌లోనూ ఆడి, తేడా కనిపిస్తే టికెట్ అనే ఫిర్యాదు రాయడం నా ఉద్యోగం. రోజంతా ఆటలాడినందుకు తమ్ముడికి జీతమిస్తున్నారని మా అక్క అందరికీ చెబుతుంది, గర్వంగా మాత్రం కాదు.

కొత్త కన్సోల్ పెద్ద రహస్యం. దాన్ని గొలుసేసి నా బల్లకి కట్టేశారు. కాబట్టి టికెట్ పడిందంటే ప్రోగ్రాం రాసినవాళ్ళు నా గదికే వచ్చి కళ్ళారా చూడాలి. ఈ రూల్ పెట్టినవాడెవడో గానీ వాడి కడుపు చల్లగుండ!

కొన్నాళ్ళకి తప్పులు అయిపోయాయి. నాకు మాత్రం ఆమెని చూడకపోతే పొద్దు గడవడం లేదు. దాంతో టికెట్లు పుట్టుకొచ్చాయి. 'కుక్క తోక కాస్త చురుగ్గా ఊగుతోంది.' 'మేఘం మనసుపెట్టి కదలడం లేదు.'

"మేఘానికి మనసేంటండీ?" అంది వచ్చి.

"రెండో కంట్రోలర్ తీసుకుని ఆడి చూడండి, తెలుస్తుంది."

ఆడింది. కుక్క వెంటపడితే పెదవి కొరుక్కుంటుంది. నేను మేఘాన్ని చూడలేదు, కుక్కనీ చూడలేదు. మూడుసార్లు కుక్క నన్ను కరిచింది.

"నోరుంది కదరా, సినిమాకి రమ్మని అడుగు," అంది ఇంట్లో ఈ సంగతి విన్న అక్క.

"అడిగితే కాదంటుందేమో. టికెట్ రాస్తే కాదనలేదుగా."

"దాన్ని ప్రేమ అనరురా. వెట్టిచాకిరీ అంటారు."

నేను నవ్వేశాను. నవ్వి ఉండకూడదని నెల తిరక్కుండానే తెలిసింది.

ఆ రోజు మీటింగ్‌లో మేనేజర్ గారు గోడకి పోస్టర్ అతికించారు. 'మీ పాత ఆటలన్నీ మీతోనే!' అని ఉంది. 'అన్నీ' పక్కన, షరతులు వర్తిస్తాయని చెప్పే చీమ తలకాయంత చుక్క ఉంది.

"ఈ ఒక్క పోస్ట్‌మాన్ ఆట మీదే అరవై మూడు టికెట్లు," అన్నారాయన, లాటరీ తగిలిన మొహంతో. "అంటే పాత ఆటలు నడవవు. నడవని వాటికి ప్రోగ్రాం ఎందుకు? తీసేద్దాం. వాటికే కొత్త రంగులేసి మళ్ళీ అమ్ముదాం."

"'అన్నీ' అని వేశాం కదా సార్?" అని ఎవరో గొణిగారు.

"పక్కన చుక్క ఉందిగా! కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు."

పెద్దలు ఆ మాట మెచ్చుకుంటూ అనలేదని ఆయనకి చెప్పేవాళ్ళు లేరు.

ఆమె నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. రెండేళ్ళ కష్టం కళ్ళ ముందే పోతుంటే పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆ కష్టాన్ని ముంచింది నా టికెట్లే. నా మీద నాకే అసహ్యం వేసింది.

లేచి నిలబడ్డాను. "సార్, అందులో నిజమైనవి పదకొండే. అవన్నీ ఎప్పుడో బాగుచేశారు."

"మరి మిగతావి?"

"అబద్ధాలు సార్. నేనే కల్పించాను."

"ఎందుకు?"

నలభై మంది నన్నే చూస్తున్నారు.

"టికెట్ రాస్తే ఈవిడ వస్తారు సార్. రాయకపోతే రారు."

"వస్తే?"

"వస్తే నాకు బాగుంటుంది సార్."

గది గొల్లుమంది. మేనేజర్ గారు మాత్రం నవ్వలేదు. "అయితే ఆట నడుస్తుందన్నమాట!" అన్నారు, చావు కబురు విన్నట్టు.

"భేషుగ్గా నడుస్తుంది సార్. రాసి సంతకం పెడతాను."

మూల కూర్చున్న కంపెనీ లాయరు గొంతు సవరించుకున్నాడు. "ఆ సంతకం పడ్డాక పాత ఆట నడవదని చెప్పి కొత్తది అమ్మితే జైలుకి నేను మాత్రం రాను."

ప్రోగ్రాం బతికింది. నాకు మెమో దొరికింది. టెస్టింగ్ గదిలోంచి తీసి, కస్టమర్ల ఫోన్లెత్తే హాల్లో పడేశారు. అక్కడ నా బల్ల మీద కన్సోల్ లేదు, టికెట్ రాసే హక్కు కూడా లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మీ మేఘానికి మనసు పెట్టడానికి రెండు ఆదివారాలు పాడుచేసుకున్నాను, తెలుసా?"

"తప్పయిపోయిందండీ."

"చాలా కోపంగా ఉన్నాను."

"ఉండాలండీ."

"నా పని బాగుందని రెండేళ్ళలో లేచి నిలబడి చెప్పింది కూడా మీరొక్కరే. అందుకు ఇంకా కోపంగా ఉంది."

"ఏదైనా పనుండి వచ్చారా?" అన్నాను.

ఆమె పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చుంది.

"పనేం లేదు. ఊరికే వచ్చాను."