పద్దెనిమిది అంగుళాల అబద్ధం

వాన ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఇవలాని షెడ్డు గుమ్మంలో చెప్పులు విడిచి, జుట్టు పిండుకుంటూ లోపలికొచ్చింది. ఊరూ పేరూ చెప్పకుండా మొదటి మాటే, "నాకు ఐదున్నర అడుగుల బోర్డు కావాలి" అంది.

నైనోవా ముఖానికున్న మాస్కు కిందికి లాగాడు. కనుబొమ్మల మీద కూడా తెల్లటి ఫోమ్ పొడి.

"ఎవరికండీ?"

"నాకే. వేరేవాళ్ళ కోసమైతే నేనెందుకు తడుస్తాను?"

"మీ బరువెంత?"

ఆమె జుట్టు పిండడం ఆపేసింది. "నేనేమన్నా చేపనా, తూచి చెప్పడానికి?"

"చేపైతే అడగను. అది దానంతటదే తేలుతుంది."

అన్నాక గానీ తనేమన్నాడో అతనికి అర్థం కాలేదు. ఆమె గిర్రున వెనక్కి తిరిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ వానలోనే వెళ్ళిపోయింది.

హాయికూలో పాత పైనాపిల్ ఫ్యాక్టరీ వెనక ఉందా షెడ్డు. తెడ్డు పట్టుకుని నిలబడి నడిపే ఫాయిల్ బోర్డులు చేయడంలో మౌయీ దీవి మొత్తంలో నైనోవాకి మంచి పేరుంది. బోర్డు కింద నిలువుగా ఒక కడ్డీ, దాని చివర విమానానికున్నట్టు రెక్క. తెడ్డు వేసి వేగం అందుకుంటే బోర్డు నీళ్ళు వదిలి పైకి లేస్తుంది. అప్పుడిక అలల మీద ఎగరడమే. కానీ లేచేదాకా మాత్రం బోర్డు మామూలు పడవే. పొడుగుంటే వేగం తొందరగా వస్తుంది, తేలిగ్గా లేస్తుంది. పొట్టిదైతే లేచాక చెప్పినట్టు వింటుంది గానీ లేవడానికే ప్రాణం తీస్తుంది. అందుకే మనిషి బరువు, గాలి జోరు తెలియకుండా అతను కొలత చెప్పడు.

మర్నాడు ఇవలాని మళ్ళీ వచ్చింది.

"నూట నలభై పౌండ్లు" అంది, గోడ వైపు చూస్తూ. "ఎవరికైనా చెప్పావో, నీ ఫోమ్ దిమ్మలన్నీ సముద్రంలో కలిపేస్తా."

"ఆరడుగులు తీసుకోండి. ఐదున్నర వద్దు."

"కనహా బీచ్‌లో మగపిల్లలందరూ ఐదున్నర మీదే ఎగురుతున్నారుగా?"

"పదేళ్ళ నుంచి ఎగురుతున్నారు. మీరు ఎప్పట్నుంచి?"

"ఎల్లుండి నుంచి" అంది. ఎంత ఆపుకుందామన్నా నవ్వొచ్చేసింది ఆమెకి. అతను చెయ్యి కొలతబద్ద మీద పెట్టాడే గానీ ఏ అంకె చూస్తున్నాడో అతనికే తెలియలేదు.

ఆరడుగులే చేశాడు. కనహా అలలకి అది అతికినట్టు సరిపోయింది. మూడు వారాలు పడింది, లేచింది, మళ్ళీ పడింది. నాలుగో వారం బోర్డు నీళ్ళ మీద నుంచి గాల్లోకి లేచి, ఆమెని అలాగే తీసుకుపోయింది. ఒడ్డున నైనోవా ఒక చేతిలో సగం తిన్న ముసుబి అన్నం ముద్దతో పిచ్చివాడిలా పరిగెత్తాడు.

"నువ్వు చెప్పిన కొలతే కరెక్ట్" అంది ఆమె ఆయాసపడుతూ వచ్చి. "ఇకమీదట నువ్వు ఎంతంటే అంత. నేను ఎదురు చెప్పను."

ఆ మాట అతని మనసులో నిలిచిపోయింది. మామూలుగా ఆమె ఎవరి మాటా వినే మనిషి కాదు. కానాపాలిలో ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. పొద్దున ఆరింటి నుంచి ఆవిరిలో నిలబడి, మధ్యాహ్నం సముద్రంలో పడేది. తల్లి లేదు. తండ్రి అంకుల్ హర్మన్‌కి చేపల బోటుంది. ఏడాదిన్నర గడిచేసరికి ఆడవాళ్ళలో ఆమెని అందుకునేవాళ్ళు ఆ తీరంలో నలుగురు కూడా లేరు. రోజూ సాయంత్రం షెడ్డుకొచ్చి, ఫోమ్ దిమ్మ మీద కూర్చుని, కాళ్ళూపుతూ అతన్ని ఏడిపించడం ఆమెకి అలవాటైపోయింది. ఆ అడుగుల చప్పుడు వినిపించకపోతే నైనోవాకి పని సాగేది కాదు. ఈ సంగతి ఆమెకి చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచి, ప్రతిసారీ గాలి గురించి మాట్లాడాడు.

ఆ వేసవిలో రేసు పెట్టారు. మౌయీ నుంచి దీవుల మధ్య సముద్రపు కాలువ దాటి మొలొకాయి దీవి దాకా. ఆడవాళ్ళలో మొదటి ముగ్గుర్ని ఒక ఫాయిల్ కంపెనీ ఏడాదిపాటు పోర్చుగల్ తీసుకెళ్తుందట, జీతమిచ్చి.

"నాకు ఆ దుప్పట్ల వాసన వదిలిపోతుంది నైనో" అంది ఇవలాని, రేసు ముందురోజు సాయంత్రం. కళ్ళు మెరుస్తున్నాయి. కాళ్ళూపడం ఆపి, "ఏడాదంటే పెద్దదేం కాదుగా?" అంది.

"ఏడాదంటే ఎంతలే" అన్నాడు అతను, ఇసక కాగితం వేగంగా రుద్దుతూ.

"అంతేనా?"

"ఇంకేముంది?"

ఆమె దిమ్మ మీద నుంచి దిగిపోయింది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "సరే, బోర్డు సంగతి చెప్పు. కాలువ దాటాలంటే ఎంత పొడుగుండాలి?"

సమాధానం అతనికి నిద్రలో అడిగినా తెలుసు. ఏడున్నర అడుగులు, సన్నగా. రేసు రోజు మధ్యాహ్నానికి గాలి పడిపోతుందని ఫోన్లో పొద్దున్నే చూశాడు కూడా. గాలి చచ్చిన కాలువలో పొట్టి బోర్డు లేవదు. మూలన గుడ్డ కప్పి ఏడున్నర అడుగుల బోర్డు సిద్ధంగా ఉంది. ఆమె పుట్టినరోజుకని చేసి పెట్టుకున్నాడు.

"ఆరడుగులు చాలు" అన్నాడు. "గాలి బాగుంటుంది. నీకు అలవాటైన బోర్డే తీసుకెళ్ళు."

"నిజంగా? అందరూ పొడుగువి తెస్తున్నారుగా."

"వాళ్ళకి నీ అంత రాదు."

ఆమె ఒక్క క్షణం అతన్నే చూసి, "సరే. నువ్వు ఎంతంటే అంత" అని వెళ్ళిపోయింది.

ఉండిపొమ్మని అడగడానికి నోరు రాలేదు అతనికి. ఆమె ఆలస్యంగా చేరుతుంది, నాలుగో స్థానమో ఐదో స్థానమో వస్తుంది, రెండ్రోజులు ఏడుస్తుంది, తను ఓదారుస్తాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ప్రమాదమన్న మాట తలలోకే రాలేదు. రాత్రి పడుకుని ఆ గుడ్డ కప్పిన బోర్డు గురించి ఆలోచించాడు. పొద్దున్నే నిజం చెప్పేద్దామనుకున్నాడు. పొద్దున్న ఆమె నవ్వుతూ వచ్చి మెడలో ఆకుల దండ వేసుకుని నిలబడింది. చెప్పలేదు.

వెనకాల కాపలాగా అంకుల్ హర్మన్ బోటు. అందులో అంకుల్, నైనోవా. ఆ బోటుకి ఇద్దరు పోటీదార్ల బాధ్యత ఇచ్చారు. ఇవలాని ఒకామె, యాభై దాటిన ఇంకో ఆయన.

మొదటి గంట ఆమె ఎగురుతూనే ఉంది. అంకుల్ హర్మన్ చుక్కాని పట్టుకుని ఈల వేస్తున్నాడు. నైనోవా మాత్రం బోటు మీది జెండానే చూస్తున్నాడు. పదకొండున్నరకి గాలి మెత్తబడింది. పన్నెండు కాకముందే పోయింది. పొడుగు బోర్డుల వాళ్ళు ఎలాగో నెట్టుకుంటూ సాగిపోయారు. ఇవలాని బోర్డు నీళ్ళలో దిగబడిపోయింది. ఆమె లేపింది, పడింది. ఇరవైసార్లు ప్రయత్నించింది. ఇరవై ఒకటోసారి తెడ్డు ఒళ్ళో పెట్టుకుని బోటు వైపు చూసి భుజాలెగరేసింది.

అప్పుడే రేడియోలో పిలుపొచ్చింది. రెండో ఆయన పడ్డప్పుడు ఫాయిల్ రెక్క తొడకి కోసుకుంది. రక్తం ఆగడం లేదు.

"వెళ్ళండి నాన్నా" అని అరిచింది ఇవలాని. "నాకేం కాదు, ఇక్కడే ఉంటా."

ఆయన్ని ఎక్కించుకుని, కట్టు కట్టి, వేరే బోటుకి అప్పగించి తిరిగొచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఆమె అక్కడ లేదు. ప్రవాహం ఎటు లాక్కుపోయిందో తెలియదు. ఎటు చూసినా ఎత్తుపల్లాల నీళ్ళే.

రెండయింది. మూడయింది. హెలికాప్టర్ వచ్చి గిరగిరా తిరుగుతోంది. అంకుల్ హర్మన్ మొహం చెక్కలా బిగుసుకుపోయింది. తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "బోర్డు మంచిదే. నువ్వే చూసి చెప్పావటగా. ఆ మాట నాకు పదిసార్లు చెప్పింది, నైనో చెప్పాడు నాన్నా, నైనో చెప్పాడు అని."

నైనోవా ఇక నిలబడలేకపోయాడు.

"అంకుల్, నేను అబద్ధం చెప్పాను."

"ఏమని?"

"ఏడున్నర అడుగులది కావాలి. నాకు తెలుసు. గాలి పడిపోతుందనీ తెలుసు. గెలిస్తే వెళ్ళిపోతుందని..."

అంకుల్ హర్మన్ అతని వైపు తిరగలేదు. బైనాక్యులర్స్ తీసి అతని గుండెకేసి నొక్కాడు.

"కళ్ళు నీళ్ళ మీద పెట్టు. ఒక్కసారి పక్కకి తిప్పావంటే నిన్నూ తోసేస్తా."

నైనోవా కళ్ళు తిప్పలేదు. తెల్లటి నురగ ప్రతిదీ ఆమెలా కనిపించి, దగ్గరికెళ్తే నురగే అయింది. నాలుగున్నరకి అతనికి ఆశ పోయింది. ఆ తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు. చూడడం మానేస్తే తనే ఆమెని చంపినట్టు అవుతుందనిపించింది.

ఐదున్నరకి లనాయి దీవి వైపు ఒక చేపల పడవ వాళ్ళకి ఇవలాని దొరికింది. బోర్డు మీద బోర్లా పడుకుని ఉంది. ఆరడుగుల బోర్డు ఆమె బరువుకి సగం మునిగే ఉంది. కాళ్ళు ఐదు గంటలుగా నీళ్ళలోనే. అలసిపోయి బోర్డు మీద నుంచి జారినప్పుడు కింది రెక్క ఎడమ పిక్కని లోతుగా కోసేసింది. బోర్డుని కాలికి కట్టుకునే పట్టీ తాడుతో గాయాన్ని తనే బిగించి కట్టుకుంది. ప్రాణం నిలిచింది. పాదానికి వెళ్ళే నరం మాత్రం తెగిపోయింది.

ఆస్పత్రిలో మూడోరోజు నైనోవా ఆమె మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏ సాకూ చెప్పలేదు.

"ఎంత తేడా?" అని అడిగింది.

"పద్దెనిమిది అంగుళాలు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కొండ మీద వాన పడుతోంది.

"ఆ రోజు 'అంతేనా' అని అడిగాను, గుర్తుందా? వెళ్ళొద్దని ఒక్క మాట అంటే చాలనుకుని అడిగాను. నువ్వు ఇసక కాగితం రుద్దుకున్నావు." దుప్పటి కాలి మీదికి లాక్కుంది. "ఉండమంటే ఇష్టంగా ఉండేదాన్ని నైనో. ఇప్పుడు గతిలేక ఉన్నాను. ఇంకెప్పుడూ రాకు."

అతను మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. షెడ్డులో పని ముట్టుకోలేదు. ఎవరైనా వచ్చి ఎంత పొడుగు తీసుకోమంటావని అడిగితే, "వేరేవాళ్ళని అడగండి" అనేవాడు. ఆ గుడ్డ కప్పిన బోర్డుని ఒకరోజు రంపంతో ముక్కలు చేశాడు. చేసినా ఏమీ తేలికపడలేదు. పొద్దున పూట ఒడ్డుకెళ్ళి నీళ్ళ వంక చూడబోతే కళ్ళు వాటంతటవే ఆమెని వెతికేవి. వెళ్ళడం మానేశాడు.

ఐదు నెలలు అలాగే గడిచాయి. ఒక సోమవారం అంకుల్ హర్మన్ ట్రక్కు షెడ్డు ముందు ఆగింది.

"నీ మొహం చూడాలని రాలేదు" అన్నాడు ఆయన, దిగకుండానే. "పిల్ల శనివారం వేగస్ వెళ్ళిపోతోంది, వాళ్ళ పిన్ని దగ్గరికి. లాండ్రీలో నిలబడలేదు. అక్కడ కూర్చుని చేసే పనేదో ఉందట. చుట్టూ ఎడారి. ఆ సముద్రం పిల్ల అక్కడ బతకదు. నా మాట వినదు. నీ మాట వినమని చెప్పే మొహం నాకూ లేదు. ఊరికే చెప్పి పోదామని వచ్చా."

సాయంత్రం నైనోవా వాళ్ళింటికి వెళ్ళాడు. ఇవలాని మెట్ల మీద కూర్చుని కాలికి పట్టీ బిగించుకుంటోంది.

"వెళ్ళొద్దు" అన్నాడు.

ఆమె తలెత్తింది. "ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావు?"

"ఏ మొహమూ లేదు. అప్పుడు అడగాల్సింది. నువ్వంటే నాకు ఇష్టం. ఉండు."

"పో."

మంగళవారం మళ్ళీ వెళ్ళాడు. తలుపు తీయలేదు. బుధవారం తీసి, విని, వేసేసింది. గురువారం, "ఇదే మాట ఎన్నిసార్లంటావు, ఇంకోటి రాదా?" అంది. శుక్రవారం కిటికీ కూడా మూసేసింది. అతను వానలో గంటసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాడు.

శనివారం పొద్దున ఫోన్ మోగింది.

"నాన్న ఎయిర్‌పోర్టుకి దింపనని బోటేసుకుని పోయాడు. నీ బండి ఉందా?"

పెట్టె వెనక పెట్టాడు. ఆమెకి ఎక్కడానికి చెయ్యి అందిస్తే పట్టుకోలేదు, తలుపు పట్టుకుని ఎక్కింది. దారిలో కుడివైపు సముద్రం మీద గాలి జోరుగా ఉంది, తెల్లటి నురగలు లేస్తున్నాయి. ఆమె అటు చూడకుండా కళ్ళు మూసుకుంది.

ఎయిర్‌పోర్టు ముందు బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకునే అన్నాడు: "వెళ్ళొద్దు ఇవా. ఇదే ఆఖరుసారి. దిగుతానంటే పెట్టె లోపలిదాకా తెస్తాను."

ఆమె దిగలేదు. వెనక బండివాళ్ళు హారన్ కొట్టారు. ఒక విమానం వాళ్ళ నెత్తి మీదుగా లేచిపోయింది.

"ఈ పాదానికి స్పర్శ లేదు, తెలుసా?" అంది.

"తెలుసు."

"ఇక రాదన్నారు డాక్టర్లు. ఎగరడం అయిపోయింది నాకు. నిన్ను క్షమించలేదు. క్షమిస్తానని మాటా ఇవ్వను."

"ఇవ్వొద్దు."

"పొద్దున లేచి పాదం నేల మీద పెట్టగానే నీ మీద కోపమొస్తుంది. రోజూ వస్తుంది."

"రానీ."

"అది చూస్తూ ఉండగలవా?"

నైనోవా తలూపాడు.

"నోటితో చెప్పు. నీకు ఆ జబ్బే ఉంది."

"ఉంటాను. రోజూ ఉంటాను."

ఇవలాని సీటుబెల్టు ఊడదీయబోయి ఆగి, మళ్ళీ లాగి పెట్టుకుంది. వెనక హారన్లు ఎక్కువయ్యాయి.

"బండి తిప్పు" అంది.

"ఎక్కడికి?"

"ఆకలేస్తోంది. ముందు ఏదైనా తినిపించు."